నోరు తెరిపించి చూసి ‘కష్టం’ అన్నారు, ఆపరేషన్ చేయించాలా వద్దా?

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్ళు, బరువు 92 కిలోలు, 12 ఏళ్ళుగా షుగర్ ఉంది. పిత్తాశయంలో రాళ్ళున్నాయని ల్యాప్రోస్కోపీ ఆపరేషన్‌కి వచ్చే నెల తేదీ ఇచ్చారు. మొన్న ఫిట్‌నెస్ కోసం వెళ్తే మత్తు డాక్టరుగారు నోరు తెరిపించి, నాలుక బయట పెట్టించి, మెడ వెనక్కి వంచమని, గడ్డం కింద వేళ్ళు పెట్టి కొలిచి ఫైల్లో ‘మల్లంపాటి 4’ అని రాశారు. గొంతులో ట్యూబ్ వేయడం కష్టం కావచ్చనీ, అవసరమైతే మెలకువగా ఉండగానే వేస్తామనీ, హై రిస్క్ సంతకం కావాలనీ చెప్పారు. గడ్డం కూడా గీయించుకోమన్నారు, తిరుపతి మొక్కు ఉందని నాన్న ఒప్పుకోవడం లేదు. ఇదంతా డబ్బు కోసం భయపెట్టడమేనని మా బాబాయి అంటున్నారు. ఇంకో ఆస్పత్రిలో అడిగితే రిపోర్టులు చూసి ‘ఏం పర్వాలేదు, చేసేద్దాం’ అన్నారు. ఆరేళ్ళ క్రితం హెర్నియా ఆపరేషన్ ఇలాంటి మత్తులోనే అయింది, నాలుగు రోజులు గొంతునొప్పి, ముందు పన్ను ఒకటి విరగడం తప్ప ఏ ఇబ్బందీ రాలేదు. నాన్నకి సిగరెట్ అలవాటు లేదు, వక్కపొడి మాత్రం వేసుకుంటారు. నడుముకి ఇంజెక్షన్ ఇచ్చి చేయకూడదా? ఏ ఆస్పత్రికి వెళ్ళమంటారు? (పేరు వేయవద్దు)

సమాధానం:

అమ్మా, మీరు చాలా అడిగారు గానీ నన్ను ఆపేసింది మాత్రం మీరు ప్రశ్నగా అడగని వాక్యం. ‘ముందు పన్ను ఒకటి విరగడం తప్ప ఏ ఇబ్బందీ రాలేదు’ అని ఎంత తేలిగ్గా రాసేశారు! మత్తు డాక్టరు ఎవరైనా అక్కడే ఆగుతారు. ఈ మాట మొన్న ఆయనకి చెప్పారా? చెప్పి ఉండరనే నా అనుమానం, ఎందుకంటే ‘ఇదివరకు ఆపరేషన్లేమైనా అయ్యాయా, మత్తుతో ఇబ్బంది ఏమైనా వచ్చిందా’ అని అడిగితే అందరూ చెప్పే జవాబు ఒకటే, ‘హెర్నియాకి అయింది సార్, అంతా బాగానే జరిగింది’ అని.

పన్నుకీ ట్యూబ్‌కీ ఏం సంబంధం అంటారేమో. పూర్తి మత్తు ఇచ్చి, కండరాలు వదులయ్యే మందు కూడా ఇచ్చాక మనిషి తనంతట తాను ఊపిరి తీసుకోలేడు, మేమే ఆడించాలి, అందుకే శ్వాసనాళంలోకి ట్యూబ్ వేస్తాం. లారింగోస్కోప్ అని చివర లైటున్న వంకర బ్లేడు ఉంటుంది, దాన్ని నోట్లోకి పంపి నాలుకని ఎడమ పక్కకి నెట్టి దవడని పైకెత్తితే లోపల స్వరతంత్రులు తెల్లగా రెండు తాళ్ళలా కనపడతాయి, వాటి మధ్యలోంచి ట్యూబ్ జారవిడుస్తాం. కనపడితే అర నిమిషం పని. కనపడకపోతే ఇంకాస్త ఎత్తుతాం, బ్లేడు మార్చి మళ్ళీ చూస్తాం, చెమటలు పడుతుంటాయి, చేతి బలమంతా తెలియకుండానే పేషెంటు పైపళ్ళ మీద ఆనుతుంది. కాబట్టి పన్ను విరిగింది, గొంతునొప్పి నాలుగు రోజులుంది అంటే ఆ రోజు థియేటర్లో ట్యూబ్ వేయడానికి తంటాలు పడ్డారేమో అనిపిస్తుంది. కచ్చితంగా అదేనని అనను. ట్యూబ్ వేసుకున్నవాళ్ళకి ఒకటి రెండు రోజులు గొంతు గరగరలాడటం మామూలే, కదులుతున్న పన్ను దానంతట అది ఊడి రావచ్చు. కానీ తేల్చుకోవాల్సిన విషయం మాత్రం ఇదే.

ఎలా తేల్చుకోవాలి? పాత ఆస్పత్రికి వెళ్ళి కేసు షీటు కాపీ అడగండి, డిశ్చార్జ్ సమ్మరీ కాదు, అందులో మత్తు సంగతి ఒక్క ముక్క కూడా ఉండదు. లోపల అనస్థీషియా చార్ట్ అని గళ్ళ కాగితం ఒకటి ఉంటుంది, బీపీ, పల్స్ చుక్కలు పెట్టి ఉంటుంది. దాని మూలన ట్యూబ్ ఎన్నో సైజు, ఎన్నోసారికి పడింది, లోపల ఎంత కనపడింది అని రాస్తాం. ‘సీఎల్ 3’ అనో ‘బూజీ (ట్యూబ్‌కి దారి చూపే సన్నటి కడ్డీ) వాడాం’ అనో ఉంటే అది మీకు బంగారం. సీఎల్ అంటే కోర్మాక్, లెహేన్ అనే ఇద్దరు 1984లో పెట్టిన గ్రేడు, 1 అంటే స్వరతంత్రులు పూర్తిగా కనపడ్డాయి, 4 అంటే ఏమీ కనపడలేదు. కేసు షీట్లు మూడేళ్ళు దాచాలన్నదే నిబంధన కాబట్టి ఆరేళ్ళ నాటిది దొరక్కపోవచ్చు, అయినా అడగండి, కొన్ని చోట్ల అటక మీద పడి ఉంటాయి. దొరక్కపోతే పన్ను సంగతి, గొంతునొప్పి సంగతి ఇప్పుడు చూస్తున్న డాక్టరుగారికి నోటితో చెప్పండి, అదీ చాలు. నోరు తెరిపించి చేసే పరీక్షలన్నీ కలిపినా ‘పోయినసారి కష్టమైంది’ అన్న ఒక్క మాటకి సాటిరావు.

ఇక మల్లంపాటి. ఇంటిపేరు చూసి మనవాళ్ళలా ఉందే అనుకునే ఉంటారు, అవును, మన గుంటూరు వైపు మనిషే. డాక్టర్ మల్లంపాటి శేషగిరిరావు గారు అమెరికాలో బోస్టన్‌లో మత్తు డాక్టరుగా పనిచేస్తూ 1983లో ఇలా చూస్తే తెలుస్తుందేమో అని ఒక ఊహగా రాశారు, 1985లో 210 మంది పేషెంట్ల మీద చూసి అచ్చు వేశారు. ఇప్పుడు ప్రపంచంలో ఏ దేశంలో మత్తు డాక్టరైనా రోజూ పలికే తెలుగు ఇంటిపేరు అదొక్కటే అయ్యుంటుంది (వాళ్ళు పలికే తీరు వింటే నవ్వొస్తుంది, అది వేరే సంగతి). ఆలోచన చాలా సింపుల్. మనిషిని కూర్చోబెట్టి నోరు బాగా తెరిపించి నాలుక బయటికి పెట్టిస్తే కొండనాలుక, దాని పక్క స్తంభాలు కనపడాలి. నాలుక మొదలు పెద్దదై వాటిని కప్పేస్తుంటే, రేపు బ్లేడు పెట్టినప్పుడు అదే నాలుక స్వరతంత్రులకీ అడ్డం పడుతుంది. ఆయన పెట్టినవి మూడు తరగతులే, నాలుగోది 1987లో ఇంగ్లండ్‌లో చేర్చారు. మీ నాన్నగారిది ఆ నాలుగోది, అంటే మెత్తటి అంగిలి కూడా కనపడలేదన్నమాట.

ఇందులో ఒక తిరకాసు ఉంది. ఈ పరీక్షలో పేషెంటు ‘ఆ’ అనకూడదు. అంటే అంగిలి పైకి లేచి, నాలుగో తరగతి మనిషి మూడోదో రెండోదో అయిపోతాడు. మనవాళ్ళని నోరు తెరవమంటే చాలు, అడగకుండానే ‘ఆఆ’ అంటారు, చిన్నప్పటి నుంచి డాక్టర్లు అలా అలవాటు చేశారు. అందుకే ఒకే మనిషిని ఇద్దరు చూస్తే ఇద్దరూ రెండు అంకెలు రాస్తుంటారు.

ఆ అంకెని ఎంత నమ్మాలో లెక్క చూపిస్తాను, ఇది మీ బాబాయిగారికి కూడా వినిపించండి. 2005లో షిగా అనే జపాన్ డాక్టరు, ఇంకొందరు కలిసి 35 అధ్యయనాలని, 50 వేల మందికి పైగా పేషెంట్లని కలిపి చూస్తే ట్యూబ్ కష్టమైంది 5.8 శాతం మందికి. మల్లంపాటి పరీక్ష ఆ కష్టమైనవాళ్ళలో 49 శాతాన్నే ముందుగా పట్టింది, కష్టం కానివాళ్ళలో 86 శాతాన్ని సరిగ్గా వదిలింది. వెయ్యి మందికి లెక్కేస్తే 58 మంది నిజంగా కష్టమైనవాళ్ళు, వాళ్ళలో పరీక్షకి దొరికేది 28 మంది, జారిపోయేది 30 మంది. మిగతా 942 మందిలో ఊరికే భయపెట్టేది 132 మందిని. అంటే ‘కష్టం కావచ్చు’ అనిపించుకున్న 160 మందిలో నిజంగా కష్టమయ్యేది 28 మందికే, ఆరుగురిలో ఒకరికి అన్నమాట. డెన్మార్క్‌లో 1,88,064 మంది రికార్డులు తిరగేసి 2015లో చెప్పింది ఇంకా నిజాయితీగా ఉంది. ట్యూబ్ కష్టమైన 3,391 మందిలో 93 శాతం మందిని డాక్టర్లు ముందు ఊహించనే లేదు, ఊహించిన 929 మందిలో నిజంగా కష్టమైంది 229 మందికి.

ఇవి చదివి ‘అయితే ఇదంతా దండగే కదా’ అనకండి. ఒక్క పరీక్ష దండగే, ఒప్పుకుంటాను. నా పీజీ రోజుల్లో బక్కపల్చటి కుర్రాడు ఒకడికి నోరు చూస్తే మల్లంపాటి 1, మెడ చక్కగా వంగుతోంది, అన్నీ బాగున్నాయి, మత్తిచ్చి బ్లేడు పెడితే లోపల ఏమీ కనపడలేదు. నాలుక వెనక ఎవరికీ బయటికి కనపడని చోట టాన్సిల్ లాంటి కండ గుత్తిగా పెరిగి ఉంది. మా ప్రొఫెసర్‌గారు రెండుసార్లు చూసి నా చేతిలోంచి బ్లేడు లాక్కుని, గొంతు పైభాగంలో కూర్చునే మాస్కు వేసి ఊపిరి ఆడించి, కుర్రాణ్ణి మేల్కొలిపి ఆపరేషన్ వాయిదా వేయించారు. అప్పుడు నాకు కోపం వచ్చింది, ఇంకొక్కసారి చూస్తే పడేది కదా అని. ఇప్పుడు నేనూ అదే చేస్తాను. మూడుసార్లకి మించి ప్రయత్నించవద్దని ఆల్ ఇండియా డిఫికల్ట్ ఎయిర్‌వే అసోసియేషన్ 2016లో మార్గదర్శకాలు ఇచ్చింది, పొడిచేకొద్దీ గొంతు వాచి, సులువుగా ఆడుతున్న ఊపిరి కూడా ఆగిపోతుంది.

కాబట్టి మేం చూసేది ఒక్క అంకె కాదు, అన్నీ కలిసి ఎటు మొగ్గుతున్నాయో చూస్తాం. మీ ఉత్తరంలోనే ఇంకో రెండు మూడు ఉన్నాయి.

ఒకటి వక్కపొడి. సిగరెట్ లేదని గొప్పగా రాశారు గానీ మా పనికి సిగరెట్ కంటే వక్క ఎక్కువ చేటు. ఏళ్ళ తరబడి వక్క, గుట్కా, పాన్‌మసాలా నమిలినవాళ్ళకి బుగ్గల లోపలి పొర గట్టిపడి, తోలులా బిగిసి, నోరు తెరుచుకోవడం తగ్గుతూ వస్తుంది. మొదట్లో తెలిసేది కారం దగ్గరే, ఇదివరకు పచ్చిమిరపకాయ నంజుకుని తిన్న మనిషి కూరలో కారం ఎక్కువైందని గొడవ పెడతాడు, ఇంట్లోవాళ్ళు వంట మీద అలక అనుకుంటారు. మీ ఇంట్లో అలాంటిదేమైనా ఉందా? నాన్నగారిని తన మూడు వేళ్ళు కలిపి నిలువుగా పై పళ్ళకీ కింది పళ్ళకీ మధ్య పెట్టుకోమనండి. మూడూ పడితే సరే, రెండే పడితే డాక్టరుగారికి చెప్పాల్సిందే. మత్తిస్తే దవడ వదులై నోరు తెరుచుకుంటుందిలే అనుకోవడానికి ఈ జబ్బులో వీల్లేదు, మత్తులో కూడా అది తెరుచుకోదు.

రెండోది షుగర్. 12 ఏళ్ళ షుగర్ కీళ్ళని బిరుసెక్కిస్తుంది. నాన్నగారిని ఒకసారి నమస్కారం పెట్టమనండి, మామూలుగా కాదు, అరచేతులు, వేళ్ళు మొత్తం ఒకదానికొకటి అతుక్కునేలా. వేళ్ళ మధ్య సందు మిగిలి, ఎంత నొక్కినా అతుక్కోకపోతే చేతి కీళ్ళు బిగిశాయని అర్థం, తలకీ మెడకీ మధ్య కీలు కూడా అలాగే బిగిసి ఉండొచ్చు. తల వెనక్కి వంగకపోతే బ్లేడు సూటిగా పోదు. పేషెంటు గదిలోకి వస్తూ పెట్టే నమస్కారం ఊరికే పోనివ్వకూడదని మా ప్రొఫెసర్‌గారు అంటుండేవారు. ఇక బరువు, పొట్టి మెడ, వాటి సంగతి డాక్టరుగారు చూసే ఉంటారు. గురక మాత్రం ఆయనకి కనపడదు, అమ్మగారిని అడిగి చెప్పండి, నిద్రలో గురక పెట్టి పెట్టి మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తారా అని.

మెలకువగా ఉండగానే ట్యూబ్ అంటే చిత్రహింస అనుకుంటున్నారు కదా, దాదాపు అందరూ అలాగే హడలిపోతారు. అసలు జరిగేది చెప్తాను. ముందు లాలాజలం తగ్గడానికి ఒక ఇంజెక్షన్ ఇస్తారు. తర్వాత మొద్దుబారే మందు ఆవిరి పట్టిస్తారు, ఆయాసం వచ్చినప్పుడు పెడతారే ఆ నెబులైజర్‌తోనే, అదే మందుని పుక్కిలించమంటారు, ముక్కులోనూ గొంతులోనూ స్ప్రే చేస్తారు. కొద్దిగా మగత వచ్చే మందు ఇస్తారు, పిలిస్తే పలికేంత. అప్పుడు చిటికెన వేలి కంటే సన్నగా ఉండే వంగే గొట్టం, చివర కెమెరా ఉంటుంది, దాన్ని ముక్కులోంచో నోట్లోంచో మెల్లగా పంపి, స్క్రీన్ మీద దారి చూసుకుంటూ శ్వాసనాళంలోకి దిగి, దాని మీదుగా ట్యూబ్ జారుస్తారు. రెండు మూడుసార్లు దగ్గు వస్తుంది, పొలమారినట్టు ఉంటుంది. ట్యూబ్ కూర్చుందని రూఢి కాగానే పూర్తి మత్తిచ్చేస్తారు. మొత్తం ఇరవై నిమిషాలో అరగంటో పడుతుంది, చాలామందికి తర్వాత పెద్దగా గుర్తుండదు కూడా. ఇందులో ఉన్న సుఖం ఏంటంటే ట్యూబ్ పడేదాకా మనిషి తన ఊపిరి తనే తీసుకుంటుంటాడు, కుదరకపోతే బయటికి తీసేసి ‘ఇవాళ వద్దు’ అనవచ్చు. నిద్రపుచ్చాక ఆ వెసులుబాటు ఉండదు. సన్నగా ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి ముందు మూడు నిమిషాలు ఆక్సిజన్ పీల్పిస్తే ఊపిరి ఆగాక ఏడెనిమిది నిమిషాలు తట్టుకుంటారు, బాగా బరువున్నవాళ్ళకి అది మూడు నిమిషాలకి పడిపోవచ్చు. మీ నాన్నగారికి మెలకువలోనే వేస్తారో, నిద్రపుచ్చి వీడియో లారింగోస్కోప్‌తో (బ్లేడు చివర కెమెరా ఉండేది) వేస్తారో అది ఆయన్ని చూసిన డాక్టరు నిర్ణయం, ఉత్తరం చదివి నేను చెప్పేది కాదు.

నడుముకి ఇంజెక్షన్‌తో ఈ ఆపరేషన్ చేసే చోట్లు లేకపోలేదు. కానీ ల్యాప్రోస్కోపీలో పొట్ట నిండా గ్యాస్ నింపుతారు, ఊపిరి బిగపట్టినట్టు ఉంటుంది, భుజం లాగేస్తుంది. మధ్యలో తట్టుకోలేకపోయినా, కోత పెద్దది చేయాల్సి వచ్చినా అప్పటికప్పుడు పూర్తి మత్తిచ్చి ట్యూబ్ వేయాలి, పొట్టలో గొట్టాలుండగా, అందరూ కంగారులో ఉండగా. కష్టమని ముందే తెలిసిన ట్యూబ్‌ని ఆ స్థితిలో వేయాల్సిరావడం నాకైతే నచ్చదు.

ఏ ఆస్పత్రి అంటే పేరు చెప్పను. నోరు తెరిపించకుండా రిపోర్టులు చూసి పర్వాలేదన్న చోటికి మాత్రం వద్దు. రక్తపరీక్షలో, ఎక్స్‌రేలో, ఈసీజీలో నాలుక సైజు ఉండదు కదా. మొన్న ‘కష్టం కావచ్చు’ అన్నాయన తన పని చేశారు, ఆయన చెప్పింది ఆరింట ఐదుసార్లు తప్పయినా ఆయన దగ్గరే నేనైతే మా నాన్నని పడుకోబెడతాను. వెళ్ళి ఒకటే అడగండి, ‘సార్, మొదటి ప్రయత్నంలో ట్యూబ్ పోకపోతే తర్వాత ఏం చేస్తారు, ఆ తర్వాత ఏం చేస్తారు’ అని. తడుముకోకుండా వరసగా చెప్తే చాలు. వీడియో లారింగోస్కోప్ ఉందా, సన్న కెమెరా గొట్టం ఉందా లేక పక్క ఆస్పత్రి నుంచి తెప్పించాలా, ఆ రోజు రెండో మత్తు డాక్టరు ఉంటారా, ట్యూబ్ సరైన నాళంలోనే పడిందని చూపే కార్బన్ డయాక్సైడ్ గీత మానిటర్లో వస్తుందా, ఇవీ అడగండి, విసుక్కుంటే విసుక్కోనివ్వండి. ఇవి అక్కడ లేవని ఆయనే చెప్తే అప్పుడు పెద్ద ఆస్పత్రికి రాయించుకుని వెళ్ళండి. హై రిస్క్ సంతకం సంగతా, దాని మీద ఏ రిస్కో రాసి ఉందో చదివి పెట్టండి, అది పెట్టినంత మాత్రాన వాళ్ళ బాధ్యత ఏమీ తీరిపోదు.

ఆపరేషన్ అయ్యాక ఇంకో కాగితం అడిగి తీసుకోండి. ట్యూబ్ ఎలా వేశారు, ఏ పరికరంతో, ఎన్నోసారికి, లోపల ఏ గ్రేడు కనపడింది, ఇవి నాలుగు లైన్లు లెటర్‌హెడ్ మీద రాయించి, ఫోన్లో ఫోటో తీసుకుని ఆధార్, ఆరోగ్యశ్రీ కాగితాలున్న కవర్లోనే పెట్టండి. సులువుగా పడితే ‘సులువుగా పడింది’ అని కూడా రాయించండి. హెర్నియా అప్పుడు ఎవరో ఒకరు ఆ నాలుగు లైన్లు రాసిచ్చి ఉంటే మీరు ఈ ఉత్తరం రాసే పనే ఉండేది కాదు.

గడ్డం గురించి. మీకు నవ్వులాటగా ఉంది గానీ అది ట్యూబ్ కంటే ముందు మెట్టు. ట్యూబ్ పడేలోపు, పడకపోతే ఆ తర్వాత, మనిషిని బతికించేది ముఖం మీద పెట్టే మాస్కే. గడ్డం గుబురుగా ఉంటే అది ముఖానికి అతుక్కోదు, పక్కల నుంచి గాలి పోతుంది. ఫ్రాన్స్‌లో 2000 సంవత్సరంలో మాస్కుతో ఊపిరి ఆడించడం ఎవరికి కష్టమవుతుందని చూస్తే ఐదు తేలాయి: 55 దాటిన వయసు, ఎక్కువ బరువు, పళ్ళు లేకపోవడం, గురక, గడ్డం. నాన్నగారికి గడ్డం కాక రెండు ఎలాగూ ఉన్నాయి, గురక కూడా ఉంటే మూడు, ఈ లిస్టులో రాత్రికి రాత్రి తీసేయగలిగింది గడ్డం ఒక్కటే. మొక్కు చెల్లకుండా కత్తెర పడకూడదంటారా, జ్వరం, కామెర్లు, తగ్గని నొప్పి లేకపోతే పిత్తాశయం రాళ్ళకి పది రోజులు ముందూ వెనకా పెద్ద తేడా ఉండదు, సర్జన్‌గారిని ఒకమాట అడిగి, తేదీ జరుపుకునైనా సరే ముందు కొండకి తీసుకెళ్ళి తలనీలాలతో పాటు అదీ ఇప్పించేసి రండి. వక్కపొడి డబ్బా కూడా అక్కడే వదిలేసి రమ్మనండి, వింటే.